అక్షరం తప్పులేని జబ్బు

మొన్న ఒక వారాంతం స్నేహితుల ఇంట్లో భోజనాలయ్యాక కబుర్లు కేన్సరు మీదికి మళ్ళాయి. ఎవరో అన్నారు: "ఏముందండీ, జీనోమంటే కోడు, కేన్సరంటే బగ్గు. ఇన్నాళ్ళూ డీబగ్గరు లేదు, ఇప్పుడు ఏఐ వచ్చింది. ఇంకో పదేళ్ళు, ప్యాచ్ రిలీజ్ చేసేస్తారు." అందరూ తలలూపారు. ఆ మాటలో మన వృత్తికి కాస్త పొగడ్త కూడా ఉంది కదా, కాదనడం కష్టం.

నేనూ ఒకప్పుడు సరిగ్గా ఇలాగే మాట్లాడేవాణ్ణి. మా మావయ్య జబ్బు తరవాత ఆ పోలిక మీద నమ్మకం పోయింది. పోవడమే కాదు, అది మనల్ని తప్పుదారి పట్టిస్తోందని కూడా నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

మావయ్య తెనాలిలో లెక్కల మాస్టారు. 2021లో ఆయనకి కాలేయంలో కేన్సరు గడ్డ కనపడింది. ఒక్కటే గడ్డ, కాలేయం మిగతా భాగం బాగానే ఉంది, కాబట్టి కోసి తీసేశారు. డాక్టరుగారు "శుభ్రంగా వచ్చేసింది, అంచుల్లో కూడా ఏమీ లేదు" అన్నారు. ఊళ్ళో సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. పధ్నాలుగు నెలల తరవాత స్కానులో ఊపిరితిత్తుల్లో మచ్చలు. ఆ రాత్రి ఫోనులో మావయ్య అడిగిన ప్రశ్న ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. "ఒరే అబ్బాయ్, గడ్డని తీసేశారు. లేనిది అక్కడికెలా వెళ్ళిందిరా? నడిచెళ్ళిందా?"

నా దగ్గర సమాధానం లేదు. "కనుక్కుని చెబుతాను మావయ్యా" అన్నాను. చదవడం మొదలుపెట్టాను. 2023లో ఆయన పోయేనాటికి నాకు దొరికిన సమాధానం సగమే. ఒక విషయం మాత్రం అప్పటికే తెలిసింది. అవును, నడిచే వెళ్ళింది. వేళాకోళానికి కాదు. కొన్ని కణాలు నిజంగా కాళ్ళలాంటివి చాచి, పక్కవాటిని వదిలించుకుని, పాకుతూ రక్తనాళం దాకా వెళతాయి. కాలేయ కేన్సరులో ఆపరేషను అయ్యాక కూడా అయిదేళ్ళలో సుమారు నూటికి డెబ్భై మందికి మళ్ళీ రావడానికి ఈ పాకుడు ఒక ముఖ్య కారణం.

ఆ కణానికి పాకడం ఎవరు నేర్పారు? ఇక్కడే మన "బగ్గు" సిద్ధాంతం దెబ్బ తింటుంది.

బగ్గు అనగానే మనకి తట్టేది ఒక లైనులో తప్పు. డీఎన్ఏలో అలాంటివి ఉన్న మాట నిజమే. ఒక అక్షరం బదులు ఇంకో అక్షరం పడుతుంది, ప్రోటీను వంకరగా తయారవుతుంది. కానీ కేన్సరు కణాల్లో ఇంకో రకం మార్పు కూడా ఉంది. దాన్ని జీన్ యాంప్లిఫికేషన్ అంటారు. ఇందులో జన్యువులో ఒక్క అక్షరం కూడా తప్పుండక్కర్లేదు. మామూలుగా రెండు ప్రతులు, అంటే అమ్మనుంచి ఒకటి, నాన్ననుంచి ఒకటి ఉండవలసిన జన్యువు అయిదో, పదో, ఒక్కోసారి వందో ప్రతులుగా పెరిగిపోతుంది. ప్రతులు పెరిగాయి కాబట్టి ఆ ప్రోటీను కూడా మోతాదు మించి తయారవుతుంది. మన భాషలో చెప్పాలంటే సోర్సు కోడులో ఏ తప్పూ లేదు, కానీ ఒక్క సర్వరులో నడవాల్సిన ప్రాసెస్ యాభై సర్వర్లలో నడుస్తోంది. కోడు రివ్యూ ఎన్నిసార్లు చేసినా ఏమీ దొరకదు.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1978లో స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ షిమ్కీ బృందం మెథోట్రెక్సేట్ అనే కేన్సరు మందుకి లొంగని ఎలుక కణాలని పరిశీలించింది. ఆ మందు ఏ ఎంజైముని అడ్డుకుంటుందో, దాని జన్యువుకి ఆ కణాలు దాదాపు 200 రెట్లు ప్రతులు తయారుచేసుకున్నాయని తేలింది. రొమ్ము కేన్సరులో హెర్‌2 జన్యువు ప్రతులు పెరగడానికీ, జబ్బు తీవ్రతకీ సంబంధం ఉందని 1987లో డెన్నిస్ స్లామన్, ఆయన సహచరులు చూపించారు. దాని మీద గురిపెట్టిన మందు 1998లో అమెరికాలో అనుమతి పొందింది. హెర్సెప్టిన్ పేరు చాలామంది వినే ఉంటారు.

ఇక కాలేయం సంగతి. కాలేయ కేన్సర్లలో సగానికి పైగా గడ్డల్లో ఒకటో క్రోమోజోము పొడుగు భుజం ఎక్కువ ప్రతుల్లో కనిపిస్తుంది. ఆ భుజం మీద వందల జన్యువులుంటాయి. వాటిలో అసలు దొంగ ఎవరు? హాంకాంగ్ విశ్వవిద్యాలయంలో షిన్-యువాన్ గువాన్ ప్రయోగశాల వాళ్ళు 1క్యూ21 అనే చిరునామా దగ్గర వెతికి, 2008లో ఒక జన్యువుని పట్టుకున్నారు. దాని పేరు సీహెచ్‌డీ1ఎల్. ఏఎల్‌సీ1 అనే ఇంకో పేరు కూడా ఉంది. "కాలేయ కేన్సరులో ప్రతులు పెరిగినది, మొదటిది" అని దాని అర్థం. దీన్ని ఎలుకల్లో ఎక్కువగా పనిచేసేట్టు పెడితే 41 ఎలుకల్లో 10టికి వాటంతటవే గడ్డలు వచ్చాయి. మార్పు చెయ్యని వాటి తోబుట్టువులు 39లో ఒక్కదానికీ రాలేదు.

సీహెచ్‌డీ1ఎల్ మామూలు ఉద్యోగం ఏమిటంటే, డీఎన్ఏ చుట్టుకుని ఉండే ఉండల్ని అటూ ఇటూ జరపడం. డీఎన్ఏ దారపుకండెలా చుట్టి ఉంటుంది. చుట్టలో ఉన్న జన్యువుని కణం చదవలేదు. కాస్త జరిపితే చదవగలదు. అంటే ఇది కదలికకి సంబంధించిన జన్యువే కాదు. లైబ్రరీలో బీరువాలు జరిపే గుమస్తా లాంటిది. మరి గుమస్తాలు ఎక్కువైతే కణం ఎందుకు పాకుతుంది?

దానికి ముందు కణం ఎలా పాకుతుందో చూడాలి. కణం లోపల ఆక్టిన్ అనే ప్రోటీను పోగులుంటాయి. కణం ఏ వైపు వెళ్ళాలనుకుంటే ఆ అంచున ఈ పోగులు పెరిగి పైపొరని ముందుకి తోస్తాయి. సన్నగా వేళ్ళలా పొడుచుకొచ్చే వాటిని ఫిలోపోడియా అంటారు. అవి ముందున్న నేలని తడిమి చూస్తాయి. తరవాత వెడల్పాటి అంచు ముందుకి పాకుతుంది, నేలని పట్టుకుంటుంది, వెనక భాగం ముడుచుకుని వచ్చి చేరుతుంది. గోడ మీద గొంగళిపురుగుని చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఈ పనులకి మూడు స్విచ్చులున్నాయని 1990లలో లండన్‌లో ఆలన్ హాల్ బృందం తేల్చింది. వేళ్ళకి సీడీసీ42, వెడల్పాటి అంచుకి రాక్, వెనక ముడుచుకోడానికి రో. ఇవి అచ్చంగా స్విచ్చులే. జీటీపీ అనే అణువు తగులుకుని ఉంటే ఆన్, అది జీడీపీగా మారితే ఆఫ్. ఆన్ చెయ్యడానికి ఒక జాతి ప్రోటీన్లు, ఆఫ్ చెయ్యడానికి ఇంకో జాతి ప్రోటీన్లు ఉన్నాయి.

గువాన్ బృందమే 2010లో ఈ రెండు కథల్నీ కలిపింది. ప్రతులు పెరిగిన సీహెచ్‌డీ1ఎల్ వెళ్ళి ఏఆర్‌హెచ్‌జీఈఎఫ్9 అనే మరో జన్యువు ముందుభాగాన్ని పట్టుకుంటుంది, దాని ఉత్పత్తిని పెంచుతుంది. ఆ ప్రోటీను పనేమిటంటే సీడీసీ42 స్విచ్చుని ఆన్ చెయ్యడం. స్విచ్చు ఆన్‌లోనే ఉండిపోతే కణానికి వేళ్ళు మొలుస్తాయి. పక్క కణాల చెయ్యి పట్టుకుని బుద్ధిగా కూర్చునే కణం ఆ పట్టు వదిలేసి, ఒంటరిగా తిరిగే కణంలా ప్రవర్తించడం మొదలుపెడుతుంది. ఈ వరసలో మధ్యనున్న ఏఆర్‌హెచ్‌జీఈఎఫ్9ని ప్రయోగశాలలో నోరు మూయిస్తే, సీహెచ్‌డీ1ఎల్ ఎంత ఎక్కువున్నా కణాలకి చొచ్చుకుపోయే శక్తి పోయింది.

నన్ను బాగా ఆలోచింపజేసింది ఈ మధ్య ప్రోటీనే. ఏఆర్‌హెచ్‌జీఈఎఫ్9 ప్రధానంగా మెదడుకి చెందిన జన్యువు. నాడీకణాలు ఒకదాన్నొకటి శాంతపరచుకునే కూడళ్ళని సరిగ్గా అమర్చడంలో దానికి పాత్ర ఉంది. అది చెడితే పుట్టిన పిల్లల్లో మూర్ఛలు వస్తాయి. పైగా అది ఉండేది ఎక్స్ క్రోమోజోము మీద. ఒకటో క్రోమోజోములో ప్రతులు పెరిగితే, ఎక్స్ క్రోమోజోము మీదున్న జన్యువు, దాని ప్రతులు పెరక్కపోయినా, గొంతెత్తుతుంది. ఫలితంగా కాలేయంలో కణం పాకుతుంది.

మనలో ప్రొడక్షన్ సపోర్టు చేసినవాళ్ళకి ఈ బాధ తెలుసు. ఎక్కడో ఒక మూల ఎవరో ఒక సర్వీసు కాపీలు పెంచుతారు. అది ఎవరూ గుర్తుంచుకోని ఒక క్యూని నింపుతుంది. ఆ క్యూ ఎక్కడో బిల్లింగ్‌ని పడగొడుతుంది. ఒక్కో టీమునీ అడగండి, "మా కోడు స్పెక్ ప్రకారమే నడుస్తోంది" అంటారు. అందరూ నిజమే చెబుతున్నారు. ఈ కేన్సరు కణం కథ కూడా అంతే. జన్యువు సరైనదే, స్విచ్చు సరైనదే, పోగులు సరైనవే. గాయం మానాలన్నా, గర్భంలో పిండం రూపు దిద్దుకోవాలన్నా ఇదే యంత్రాంగం కావాలి. తప్పున్నది పాళ్ళలో, సమయంలో, చోటులో. అలాంటిదానికి ఒక్క లైను ప్యాచ్ ఎక్కడ వేస్తారు? సీడీసీ42నే ఆపేద్దామంటే అది ఒంట్లో ప్రతి కణానికీ కావాలి.

అలాగని మన విద్య ఇక్కడ పనికిరాదని అనను. అసలు ఎక్కడ ప్రతులు పెరిగాయో కనుక్కోవడం అల్గోరిథం పనే. క్రోమోజోము పొడుగునా లక్షల కొలతలు వస్తాయి, వాటినిండా రొద. ఎక్కడ గీత రెండునుంచి మూడుకి ఎగిరిందో పట్టుకోవాలి. 2004లో ఓల్షెన్, వెంకట్రామన్ తదితరులు ప్రచురించిన విభజన పద్ధతి దీనికి చాలాకాలం ఆధారంగా నిలిచింది. ఎంతోమంది రోగుల గడ్డలలో పదేపదే పెరిగిన చోట్లని ఏరడానికి 2007లో గిస్టిక్ వచ్చింది. ఆ తరవాత పేచీ ఇంకా పెద్దది. ప్రతులు పెరిగేది ఒక్క జన్యువు కాదు, చుట్టుపక్కల జన్యువులు కూడా బండెక్కి వస్తాయి. రెండువందల ఫైళ్ళు మార్చిన కమిట్‌లో కొంప ముంచిన మార్పు ఏదో చెప్పమన్నట్టు. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ వాళ్ళు 2006లో దీనికొక మంచి ఉపాయం పన్నారు. ఎలుకల కాలేయ గడ్డల్లో పెరిగిన చోటునీ, మనుషుల్లో దానికి సరిపోలే పదకొండో క్రోమోజోము చోటునీ పక్కపక్కన పెట్టి చూశారు. రెండింటిలోనూ ఉన్నవాటిలోంచి సీఐఏపీ1, యాప్ అనే రెండు జన్యువులు దొంగలుగా తేలాయి. ఒకటి కాదు, ఇద్దరూ కలిసి పనిచేసేవాళ్ళు.

"సరే, హెర్‌2కి మందు వచ్చింది కదా, దీనికీ వస్తుంది" అని ఆ రోజు భోజనాల దగ్గరే ఒకాయన వాదించారు. న్యాయమైన వాదనే. అయితే హెర్‌2 ప్రోటీను కణం పైపొర మీద బయటికి కనపడుతూ ఉంటుంది, యాంటీబాడీ వెళ్ళి పట్టుకోగలదు. సీహెచ్‌డీ1ఎల్ కేంద్రకం లోపల దాక్కుంటుంది. ఇంకో చిక్కుంది. కాలేయ కేన్సరుని చాలాసార్లు సీటీ, ఎంఆర్ఐ చూసే నిర్ధారిస్తారు, ముక్క తీసి పరీక్షించక్కర్లేదు. రోగికి అది మంచిదే, సూది పోటు తప్పింది. కానీ ముక్క లేకపోతే జన్యువుల లెక్క లేదు. లాగులు దాచని సిస్టంలో సమస్య వెతకడంలాంటిదిది. మా మావయ్యకి ఆపరేషనులో గడ్డ తీశారు, అయినా అందులో ఏ జన్యువు ఎన్ని ప్రతులుందో ఎవరూ చూడలేదు. కాబట్టి ఆయనలో పాకినది పైన చెప్పిన దారిలోనే పాకిందని నేననను. దారులు చాలా ఉన్నాయి, నేను చెప్పింది ఒకటి.

మందుల మాటకొస్తే, 2007లో అనుమతి పొందిన సొరఫెనిబ్, ముదిరిన కాలేయ కేన్సరులో సగటు ఆయుష్షుని 7.9 నెలలనుంచి 10.7 నెలలకి పెంచింది. 2020 తరవాత వచ్చిన రోగనిరోధక చికిత్సలు అంతకన్నా నయం. ఆ నెలల విలువ నాకు తెలుసు. మావయ్య మనవరాలి అక్షరాభ్యాసం చూసింది అలాంటి నెలల్లోనే. కానీ కణం నడవడం నేర్చుకున్నాక మనం చేసేదంతా వెనకాల పరుగే.

మరి ముందు ఏముంది? మావయ్య జబ్బు మొదలు హెపటైటిస్ బి వైరసు. అది ఆయన ఒంట్లో ఎన్నో ఏళ్ళుగా ఉందని గడ్డ దొరికినప్పుడే తెలిసింది. ఈ వైరసు కాలేయ కణాల్ని ఏళ్ళతరబడి గాయపరుస్తుంది, తన ముక్కల్ని మన డీఎన్ఏలో ఇరికిస్తుంది. గాయం, మరమ్మతు, గాయం, మరమ్మతు. కణాలు మాటిమాటికీ విభజన చెందుతూ పోతే ప్రతుల లెక్క తప్పే అవకాశాలూ పెరుగుతూ పోతాయి. తైవాన్ 1984లో శిశువులకి ఈ వైరసు టీకా మొదలుపెట్టింది. అక్కడ 6నుంచి 14 ఏళ్ళ పిల్లల్లో కాలేయ కేన్సరు, 1981-86 మధ్య లక్షకి 0.70 ఉన్నది, 1990-94 నాటికి 0.36కి పడిపోయింది. జన్యువు పేరు తెలియకుండానే, స్విచ్చు సంగతి ఎత్తకుండానే, సగానికి సగం తగ్గింది.

మన హైదరాబాదులోనే వరప్రసాదరెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈ టీకాని దేశంలో తొలిసారి జన్యు సాంకేతికతతో తయారుచేసి, దిగుమతి టీకా కన్నా ఎంతో చవగ్గా అమ్మింది. అయినా దేశమంతటా శిశువులకి ఉచితంగా వెయ్యడం మొదలైంది 2011లో. అంటే ఇది చదువుతున్న మనలో చాలామంది పుట్టినప్పుడు ఆ ఏర్పాటు లేదు. పుట్టుకతో సోకితే నూటికి తొంభై మందిలో జీవితాంతం ఉండిపోయే వైరసు ఇది. పైకి ఏ లక్షణమూ ఉండదు. 2023లో అమెరికా సీడీసీ పెద్దవాళ్ళందరూ ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకోవాలని చెప్పింది. మూడు అంశాల రక్తపరీక్ష, ఏటా చేయించుకునే కొలెస్టరాల్ పరీక్షతోపాటే అయిపోతుంది.

మావయ్య పోయాక అమ్మకి పరీక్ష చేయిద్దామంటే ఇంట్లో పెద్ద గొడవ. "ఆ మాట బయటికి పొక్కితే పిల్లకి సంబంధాలొస్తాయా" అని ఒకరు, "గల్ఫు ఉద్యోగానికి మెడికల్లో పోతుంది, మావాణ్ణి అడక్కండి" అని మరొకరు. కలిసి తింటే, చెయ్యి పట్టుకుంటే అంటుకునే జబ్బు కాదిది. అయినా భయం భయమే. చివరికి అమ్మ తనే వెళ్ళి చేయించుకుంది. పాజిటివ్. ఇప్పుడు ఆరునెలలకోసారి అల్ట్రాసౌండు, రక్తపరీక్ష. ఏ మచ్చా లేదు. వైరసు పెరిగితే అణచడానికి మాత్రలున్నాయి. "రాయరా, దాస్తే ఏమొచ్చింది, మా అన్నయ్య దాచకుండానే పోయాడు, తెలియక పోయాడు" అంది. అడిగే రాస్తున్నాను.

నాకు నెగటివ్ వచ్చింది. కానీ రక్షణ కూడా లేదు. ఇక్కడ మా ఆవిడ గర్భవతిగా ఉన్నప్పుడు ఆవిడకి ఈ పరీక్ష మామూలుగానే చేసేశారు. నన్నెవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ముప్ఫై దాటాక మూడు డోసులు వేయించుకున్నాను.

వైరసు లేనివాళ్ళు కూడా నిశ్చింతగా ఉండే రోజులు కావు. కాలేయం గాయపడడానికి కొవ్వు చాలు. 2025లో హైదరాబాదులో 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షించిన అధ్యయనంలో 84 శాతం మందికి కొవ్వు పట్టిన కాలేయం ఉందని తేలింది. కూర్చున్న కుర్చీ, రాత్రి కాల్సు, పన్నెండింటికి బిర్యానీ. కుర్చీ ఈ దేశంలో కూడా అదే కదా.

నా ఫిర్యాదు ఏఐ మీద కాదు, పరిశోధన మీద అసలే కాదు. సీహెచ్‌డీ1ఎల్ కథ చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం మంచి డిజైను చూసినప్పటి ఆనందమే. అలాంటి పనికి డబ్బూ, మనుషులూ కావాలి. మనలో ఓపికున్నవాళ్ళు ఆ డేటాతో పనిచెయ్యాలి. నా ఫిర్యాదు "బగ్గు" అనే మాట మీద. బగ్గంటే ఎవరో రాసిన తప్పు, ఇంకెవరో సరిచేస్తారు, మనం రిలీజు కోసం ఎదురుచూస్తే చాలు అనే ధీమా ఆ మాటలో ఉంది. ఇక్కడ సరిచెయ్యడానికి తప్పైన లైను లేదు. పాళ్ళు మెల్లగా, ముప్ఫై నలభై ఏళ్ళపాటు, మనం మిగతా పనుల్లో ఉండగా తప్పుతాయి. ఆ ముప్ఫై నలభై ఏళ్ళూ మన చేతిలో ఉన్నవి.

మావయ్యా, నడిచే వెళ్ళింది. నడవకముందే ఆపే అవకాశం ఉండేది, మనకి తెలియలేదు. ఇది చదివినవాళ్ళు ఈ సారి డాక్టరు దగ్గరికెళ్ళినప్పుడు ఆ ఒక్క పరీక్ష అడగండి. ఇండియాకి ఫోను చేసినప్పుడు అమ్మనీ నాన్ననీ కూడా అడగండి.